పందెం కాదుగా, మరి బీమా రాదా?

(ట్రాక్ డేకి, అంటే పోటీ లేకుండా ఎవరి కారు వాళ్లు రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, ముందురోజు సాయంత్రం, కార్లు తెచ్చిన డ్రైవర్లకు ఒక బీమా సర్వేయర్ ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది.)

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చింది ముప్పావు గంట. నా తర్వాత టెక్ ఇన్‌స్పెక్షన్ ఉంది, అంటే కార్ల తనిఖీ, అది లేట్ అయితే నన్ను తిడతారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది మీ కారు పాలసీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... మూడు. ఆ మూడో చెయ్యి సగమే లేచింది. ఫర్వాలేదండీ, సగం చదివినా నా కంటే నయమే. ఎందుకంటే ఇరవై ఏళ్లుగా ఎదుటివాళ్ల పాలసీలు చదవడమే నా ఉద్యోగం, అయినా నా పాలసీ నేను చదవలేదు. ఆ కథే ముందు చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఇలాంటి ట్రాక్ డేకే వెళ్లాను. రేసు కాదు. టైమింగ్ లేదు, కప్పు లేదు, ర్యాంకు లేదు. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. ముందు కారువాడు కిటికీలోంచి చెయ్యి చూపిస్తే తప్ప ఓవర్‌టేక్ చెయ్యకూడదు, అదీ స్ట్రెయిట్ మీదే, అంటే ట్రాక్ తిన్నగా ఉన్నచోటే. మీకు తెలిసిన రూల్సే. రెండో సెషన్. ట్రాక్ పూర్తిగా ఆరలేదు. దిగుడులో కుడివైపు మలుపు ఒకటుంది. అక్కడ బ్రేక్ ఒక్క క్షణం ఆలస్యంగా వేశాను, భయమేసి అదే క్షణంలో యాక్సిలరేటర్ వదిలేశాను. వెనకభాగం నన్ను దాటి ముందుకొచ్చింది. తర్వాత ట్రాక్ అంచున పేర్చిన టైర్ల గోడ. ఇన్‌స్ట్రక్టర్ ఏమాత్రం గొంతు పెంచకుండా 'ఇంజన్ ఆపండి' అన్నాడు, అంతే. రేడియేటర్ నుంచి కూలెంట్ కారుతూ వేడి మీద తియ్యటి వాసన వస్తోంది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నా కాలు బ్రేక్ మీదకి పోతుంది.

ఇంటికి వెళ్లి క్లెయిమ్ ఫారం ముందేసుకుని కూర్చున్నాను. 'ప్రమాదం జరిగిన స్థలం' అని ఒక గడి ఉంటుంది చూడండి, బొటనవేలంత గడి. వేలమంది ఆ గడి నింపగా చూసినవాణ్ణి, పెన్ను పట్టుకుని పావుగంట అలాగే కూర్చున్నాను. చివరికి ఉన్నది ఉన్నట్టు రాశాను. ధైర్యంగానే రాశాను. ఎందుకు ధైర్యం? నా పాలసీలో ఏముందో నాకు కంఠతా వచ్చు కదా! 'రేసులో పోటీపడటం గానీ, దానికి ప్రాక్టీస్ చేయడం గానీ' అనే కదా మినహాయింపు, అంటే కంపెనీ డబ్బివ్వని సందర్భం. నేను పోటీపడలేదు, ప్రాక్టీసూ చేయలేదు. నేర్చుకుంటున్నాను. క్లెయిమ్ ఎందుకు రాదు?

రాలేదు. మర్యాదగానే ఉత్తరం రాశారు. మినహాయింపులో 'డ్రైవర్ శిక్షణ' అనే మాట కూడా ఉందని, ఆ పేరా నంబరుతో సహా ఇచ్చారు. నేను కంఠతా పట్టింది మూడేళ్ల కిందటి పాలసీ. రెన్యువల్ చేసినప్పుడు మాట మార్చి, మార్చామని ఒక కాగితం కవర్లో పెట్టి పంపారు. ఆ కవర్ ఎక్కడుందో తెలుసా? కారు గ్లవ్ బాక్సులో. విప్పలేదు. ముందు భాగమంతా నుజ్జయిన కారులో అదొక్కటే మడత నలగకుండా ఉంది.

నవ్వండి, నవ్వండి. ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.

సరే. ఇప్పుడు అసలు ప్రశ్న. 'పోటీ కాని ట్రాక్ డేకి నా మామూలు కారు బీమా వర్తిస్తుందా?' ఈ ప్రశ్న నన్ను వందసార్లు అడిగారు. అడిగిన ప్రతివాడూ దాని వెంటే ఇంకో మాట అంటాడు: 'రేస్ కాదు కదా సార్?' మనందరం పట్టుకు వేలాడేది ఆ మాటనే. నేను చెప్పేది ఒక్కటే. అది రేసా కాదా అన్నది మీరు తేల్చేది కాదు, ఆర్గనైజర్ బ్రోచర్ తేల్చేదీ కాదు. మీ పాలసీలో మినహాయింపుల పేజీలో ఏ మాట ఉందో అదే తేలుస్తుంది. పక్కవాడి పాలసీ కాదు. పోయినేడాది మీ పాలసీ కూడా కాదు.

ఆ మాటలు ఎన్ని రకాలుగా ఉంటాయో చూద్దాం. కొన్ని పాలసీలు స్థలాన్ని పట్టుకుంటాయి. రేస్ ట్రాక్ మీద జరిగింది ఏదైనా సరే, మాకు సంబంధం లేదంటాయి. కొన్ని ఉద్దేశాన్ని పట్టుకుంటాయి: ఎక్కడైనా సరే, పోటీ కోసమో వేగం కోసమో నడిపితే లేదంటాయి. కొన్ని రెండూ కలిపి పట్టుకుంటాయి. ఈ మూడో రకంలోనే మనకి కాస్త ఊపిరాడేది, ఎందుకంటే రెండు షరతులూ నెరవేరితేనే మినహాయింపు పనిచేస్తుంది.

అమెరికా ఉదాహరణ చెప్తాను, ఇందులో మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్ అనే సంస్థ నమూనా పాలసీలు తయారుచేస్తుంది, చాలా కంపెనీలు వాటిని అలాగే వాడతాయి, లేదా కొద్దిగా మార్చుకుంటాయి. వాళ్ల పాత నమూనాలో ఏముండేదంటే: రేసింగ్ కోసం కట్టిన ప్రాంగణం లోపల, ముందుగా ఏర్పాటుచేసిన రేసులో లేదా వేగపు పోటీలో పాల్గొనడానికి గానీ, దానికి సిద్ధపడటానికి గానీ ఉన్న వాహనానికి కవర్, అంటే బీమా రక్షణ, లేదు. చూశారా? స్థలమూ కావాలి, ఉద్దేశమూ కావాలి. ట్రాక్ డేకి వెళ్లినవాడు 'స్థలం ఒప్పుకుంటాను, ఉద్దేశం ఒప్పుకోను' అనేవాడు. ఆ వాదన నిలబడిన సందర్భాలున్నాయి. మరి బీమావాళ్లు ఊరుకుంటారా? 2018 నమూనాలో రేసు, వేగపు పోటీలతో పాటు 'డ్రైవింగ్ నైపుణ్య శిక్షణ, నైపుణ్య కార్యక్రమం' అన్న మాటలు కూడా చేర్చారు. రేపు మీరు చేయబోయేది ఏమిటి? డ్రైవింగ్ నైపుణ్య శిక్షణే కదా! బ్రోచర్ మీద పెద్దక్షరాలతో అదే రాసి ఉంది. ఇన్నాళ్లూ మనల్ని కాపాడిన మాటే తిరిగి మన మెడకు చుట్టుకుంది.

జర్మనీవాళ్లు ఇంకా తేటగా రాస్తారు. వాళ్లకి నూర్బర్గ్‌రింగ్ అనే రేస్ ట్రాక్ ఉంది కదా, దాని ఉత్తర లూప్, నార్డ్‌ష్లైఫె. 20.8 కిలోమీటర్ల చుట్టు, 1927లో తెరిచారు. పబ్లిక్‌కి వదిలిన వేళల్లో డబ్బు కట్టి ఎవరి కారు వాళ్లు తోలుకోవచ్చు. ఆ వేళల్లో అది చట్టం దృష్టిలో వన్‌వే టోల్ రోడ్డు లాంటిది. మామూలు ట్రాఫిక్ రూల్స్ వర్తిస్తాయి. ల్యాప్ టైమ్ కొలవకూడదు. 'రోడ్డే కదా, మరి బీమా ఎందుకు రాదు?' అని అందరికీ వచ్చే సందేహమే. అందుకే జర్మన్ బీమా సంస్థల సంఘం నమూనా నిబంధనల్లో, సొంత కారు నష్టానికి సంబంధించిన చోట, ఇలా రాసుకున్నారు: మోటార్‌స్పోర్ట్ ట్రాక్‌ల మీద నడిపితే, గరిష్ఠ వేగం సాధించడం ఉద్దేశం కాకపోయినా సరే, కవర్ లేదు. ఉదాహరణగా ఆ టూరిస్టు డ్రైవింగ్‌నే పేరుపెట్టి చెప్పారు. కానీ ఆ వెంటనే ఇంకో వాక్యం: డ్రైవింగ్ భద్రతా శిక్షణకు మాత్రం కవర్ ఉంది. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. కాదన్నది కాదని, అవునన్నది అవునని చెప్పారు. మనం నీళ్లు నమలక్కర్లేదు, వాళ్లూ నమలక్కర్లేదు. బ్రిటన్‌లో కొన్ని పాలసీలైతే 'ట్రాక్ డేలు, నూర్బర్గ్‌రింగ్' అని ఆ ట్రాక్ పేరే అచ్చేస్తాయి. ఒక ట్రాక్‌కి అంతకంటే పేరు ప్రతిష్ఠలు ఏం కావాలి!

ఇక భారత్‌లో స్టాండర్డ్ మోటారు పాలసీ తీసుకోండి. 'వాడకంపై పరిమితులు' అన్న చోట మనకి సంబంధించినవి నాలుగు మాటలుంటాయి: ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్ (ముందు నడిచి మిగతావాళ్లకి వేగం చూపించడం), రిలయబిలిటీ ట్రయల్స్ (బండి ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్షలు), స్పీడ్ టెస్టింగ్. ట్రాక్ డే అన్న మాట లేదు. ఆనందపడకండి. 'స్పీడ్ టెస్టింగ్' అంటే ఏమిటి? మీ ఫోన్లో ల్యాప్ టైమర్ యాప్ ఆన్ చేసి ఉందనుకోండి, అది వేగ పరీక్ష కాదని మీరు వాదించాలి. పైగా థర్డ్ పార్టీ విషయంలో 1988 మోటారు వాహనాల చట్టమే ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కోసం వాడకూడదన్న షరతును, డబ్బు కట్టననడానికి, కంపెనీకి ఒక రక్షణగా ఇచ్చింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పాలసీలో ఒక మాట రెండు రకాలుగా అర్థమవుతుంటే, రాసినవాడికి వ్యతిరేకంగా, కట్టినవాడికి అనుకూలంగా అర్థం చెప్పాలన్నది కోర్టులు ఏనాటి నుంచో పాటిస్తున్న సూత్రం. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది కూడా మామూలుగా కంపెనీయే. కాబట్టి మసకగా ఉన్న మాట మీకు లాభమే. అయితే ఆ లాభం ఎప్పుడు చేతికొస్తుంది? కేసు తేలాక. అప్పటిదాకా కారు షెడ్డులో, ఈఎంఐ మీ ఖాతాలో. నేను సర్వేయర్‌ని, లాయర్‌ని కాదు. కానీ షెడ్డులో దుమ్ముపట్టిన కార్లు ఎక్కువ చూసింది నేనే.

అన్నట్టు ఆ టైమర్ సంగతి. ఆర్గనైజర్లు టైమింగ్ వద్దని ఎందుకు మొత్తుకుంటారనుకుంటున్నారు? మీ మీద ప్రేమతోనే, సగం. మిగతా సగం వాళ్ల బీమా కోసం. 'పోటీ కాదు' అన్న ముక్క మీదే వాళ్ల పాలసీ నిలబడుతుంది. మీరు రాత్రికి 'ఇవాళ నా బెస్ట్ ల్యాప్' అని వీడియో పెడతారు, మూలన సెకన్లు పరుగెడుతూ ఉంటాయి. ఎవరూ చూడరనుకోకండి. మేం చూస్తాం. అది మా పని.

ఇప్పుడు ఇంకో వైపు రండి. ఇంతసేపూ మాట్లాడింది ఎక్కువగా మీ సొంత కారు నష్టం గురించి. నష్టం అదొక్కటేనా? నేను టైర్ల గోడకి కొట్టాను, అదృష్టవంతుణ్ణి. ట్రాక్ అంచున ఉండే ఇనుప గార్డ్ రెయిల్‌కి కొట్టి ఉంటే? రెయిల్ మీటర్ల లెక్కన బిల్లేసే ట్రాక్‌లున్నాయి. టోయింగ్ వేరే. ఇంజన్ ఆయిల్ ట్రాక్ మీద పారితే శుభ్రం చేసిన ఖర్చు వేరే. నార్డ్‌ష్లైఫె మీద ఇలాంటి బిల్లులు డ్రైవర్‌కే వస్తాయి. ఇవాళ పొద్దున మీరు సంతకం పెట్టిన కాగితంలో కూడా ఆ మాట ఉంది. చదివారా? మళ్లీ అడగను లెండి.

అవతలి కారు సంగతి? మామూలుగా ట్రాక్ డేల్లో ఎవరి నష్టం వాళ్లదే. ఒకరి మీద ఒకరు దావా వేసుకోబోమని అందరూ సంతకాలు పెడతారు. ఆర్గనైజర్‌కి లయబిలిటీ బీమా (ఇతరులకి కట్టాల్సిన పరిహారం కోసం) ఉంటుంది, కానీ అది ఆర్గనైజర్‌ని కాపాడటానికి. 'వాళ్లకి ఇన్సూరెన్స్ ఉందట, మనకేం' అంటాడొకడు ప్రతిసారీ. వాళ్లకి ఉందయ్యా. నీ బంపర్‌కి లేదు.

థర్డ్ పార్టీ గురించి యూరప్‌లో ఒక చిత్రమైన గొడవ జరిగింది. స్లొవేనియాలో ఒకాయన 2007లో గడ్డిమోపులు అటక మీద సర్దుతూ నిచ్చెన ఎక్కి ఉన్నాడు. వెనక్కి వస్తున్న ట్రాక్టరు ట్రైలరు నిచ్చెనకి తగిలి కిందపడ్డాడు. అది రోడ్డు కాదు, కొట్టం ముందున్న ఖాళీ జాగా. బీమా వర్తిస్తుందా లేదా? 2014లో యూరప్ న్యాయస్థానం వర్తిస్తుందంది. వాహనాన్ని దాని మామూలు పనికి వాడుతుంటే చాలు, తప్పనిసరి బీమా ఉండాల్సిందే అంది. ఇక మోటార్‌స్పోర్ట్ వాళ్ల గుండె గుభేలుమంది. కొట్టం ముందు వర్తిస్తే రేస్ ట్రాక్ మీద వర్తించదా? ప్రతి రేసు కారుకీ థర్డ్ పార్టీ బీమా ఎవరిస్తారు, ఎంతకిస్తారు? చివరికి 2021లో యూరోపియన్ యూనియన్ వాళ్లు కొత్త ఆదేశం తెచ్చి, కట్టుదిట్టంగా జరిగే మోటార్‌స్పోర్ట్ కార్యక్రమాలకి వేరే బీమా ఏర్పాటు ఉంటే సభ్యదేశాలు మినహాయించుకోవచ్చన్నారు. బ్రిటన్ 2022లో సొంత చట్టం చేసి ఆ తీర్పు ప్రభావాన్నే తీసేసింది. ఒక నిచ్చెన మీద తీర్పు వస్తే ఎనిమిదేళ్లు పట్టింది సర్దడానికి.

మీ ఒంటి సంగతి కూడా ఒక్క మాట. జీవిత బీమా, ప్రమాద బీమా పాలసీల్లో కూడా మోటార్ రేసింగ్ లాంటి వాటికి మినహాయింపులుంటాయి. అవి కూడా తీసి చూడండి. ఇంట్లోవాళ్లకి చూపించి చదవమంటే ఇంకా మంచిది, వాళ్లు మనకంటే శ్రద్ధగా చదువుతారు.

మరి దారేమిటి? కొన్ని దేశాల్లో ట్రాక్ డే కోసమే విడిగా అమ్మే పాలసీలున్నాయి. ఒక రోజుకి, లేదా ఒక వారాంతానికి. కారు విలువ ఇంత అని ముందే ఒప్పుకుంటారు, ఆ విలువ మీదే ప్రీమియం. మంచివే. కానీ వాటికీ ఒక లోపలి పేజీ ఉంది. మీరు భరించాల్సిన మొదటి భాగం సాధారణంగా ఆ విలువలో ఇంత శాతమని ఉంటుంది. 5 శాతం అనుకోండి, 10 శాతం అనుకోండి. చిన్న గీతలు, బంపరు, ఒక ఫెండరు, అవన్నీ ఆ శాతంలోనే మునిగిపోతాయి. అంటే ఆ పాలసీ పనికొచ్చేది కారు గోడకి కొట్టినప్పుడే. ఇంజన్ ఓవర్‌రెవ్ అయి, అంటే హద్దు మీరి తిరిగి, పోతే రాదు. బ్రేకులు అరిగితే, టైర్లు కరిగితే రాదు. టైమింగ్ పెట్టారని తెలిస్తే రాదు. అవతలివాడికి జరిగిన నష్టం చాలావాటిలో ఉండదు. అలాంటి పాలసీ దొరకనివాళ్లకి నేను చెప్పేది పాతమాటే: రేపు ట్రాక్ మీద పోయినా, ఎల్లుండి అది లేకుండా మీ పని జరిగిపోయే కారునే ట్రాక్ ఎక్కించండి. లోన్ మీద ఉన్న కారైతే ఫైనాన్స్ కాగితం కూడా చూడండి.

ఇంకోటుంది. ఈ మాట పైకి అనరు గానీ, పార్కింగ్‌లో గుసగుసలాడుతూ ఉంటారు. 'కారుని టో చేయించి బయట రోడ్డు మీద పడేసి అక్కడ యాక్సిడెంట్ అయిందని చెప్తే పోలే?' పోదు. అది మోసం. క్లెయిమ్ పోతుంది, పాలసీ పోతుంది, కేసు కూడా అవుతుంది. నీతి సంగతి పక్కన పెట్టి నా పని సంగతి చెప్తాను. ట్రాక్ మీద వేడెక్కిన టైరు అంచున రబ్బరు గింజలు గింజలుగా ఉండకడుతుంది, ఊరి రోడ్డు మీద అలా కట్టదు. డిస్క్ బ్రేక్ నీలంగా మారి ఉంటుంది. డోరు మీద నంబర్ స్టిక్కర్ పీకేసినా దాని జిగురు చతురస్రంగా దుమ్ము పట్టుకుంటుంది. గ్రిల్ సందుల్లో ట్రాక్ పక్క కంకర ఉంటుంది. ఒకసారి ఒక పెద్దమనిషి రోడ్డు డివైడర్‌కి కొట్టానని రాశాడు. బంపర్ మీద టైర్ల గోడ నల్లమచ్చ, గుండ్రంగా, ఎర్రరంగు పెయింటుతో సహా! డివైడర్లకి టైర్లు ఎక్కడివి? అడిగితే ఆయన నా వైపు చూడకుండా 'టీ తాగుతారా' అన్నాడు.

కాబట్టి ఇవాళ చేయాల్సిన పని. ఆఫీసులు మూసేదాకా ఇంకా గంటన్నర ఉంది. ఏజెంట్‌కి ఫోన్ చేయకండి. చేస్తే 'ఏం కాదు సార్, కవర్ అవుతుంది' అంటాడు, పాపం, మంచివాడే, మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేదు. కంపెనీకి ఈమెయిల్ రాయండి. ఎలా రాయాలంటే: 'ఫలానా తేదీన, బయటి ట్రాఫిక్ రాని రేస్ ట్రాక్ మీద, టైమింగ్ గానీ పోటీ గానీ లేని శిక్షణ కార్యక్రమంలో నా కారు నడుపుతాను. నా సొంత కారు నష్టం, ఇతరులకి నష్టం, ఈ రెండూ నా పాలసీ కింద వస్తాయా? రాకపోతే ఏ క్లాజ్ ప్రకారం?' రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి, కలిపి అడిగితే జవాబు కూడా కలిపేసి తప్పించుకుంటారు. జవాబు రేపు పొద్దుటికి రాకపోతే, లేదనే అనుకుని నడపండి. బ్రేక్ కాస్త ముందే వేస్తారు, మంచిదే.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనకాయన. ఆ... 'ట్రాక్ నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు ప్రమాదమైతే?' మామూలు రోడ్డు మీద మామూలుగా వెళ్తున్నప్పుడు మామూలు పాలసీయే. కానీ ట్రాక్ కోసం సస్పెన్షనో ఇంజన్ ట్యూనో మార్చి కంపెనీకి చెప్పకపోతే అది వేరే తలనొప్పి. రోజంతా ట్రాక్ మీద తిప్పి అరగదీసిన టైర్లతో వానలో బయల్దేరితే ఇంకో తలనొప్పి.

ఈవిడ అడుగుతున్నది మంచి ప్రశ్న. ఖాళీ మైదానంలో కోన్‌లు పెట్టి స్కిడ్ నేర్పిస్తారు కదా, అది వస్తుందా? స్థలాన్ని పట్టుకునే పాలసీ అయితే మీకు అనుకూలం, అది రేసింగ్ కోసం కట్టిన ప్రాంగణం కాదు. ఉద్దేశాన్ని పట్టుకునేదైతే స్టాప్‌వాచ్ ఉందా లేదా చూస్తారు. ఒకే మైదానం, ఒకే కోన్‌లు, ఒకే కారు. ఎవడో గడియారం నొక్కాడా లేదా అన్న దాని మీద మీ క్లెయిమ్.

ఇంకొకటి? 'ఫ్రెండ్ కారు తోలితే ఎవరి బీమా?' బాబూ, ముందు ఆ ఫ్రెండ్ ఈ గదిలో ఉన్నాడా? ఉన్నాడు. చెయ్యి ఎత్తలేదు చూశారా, మొహం మాత్రం మారింది. చాలాచోట్ల బీమా కారు వెంట నడుస్తుంది, అంటే ముందు అతని పాలసీయే. మినహాయింపు ఉంటే అతనికే లేదు. అప్పుడు మిగిలేది మీరిద్దరూ. ఎవరు ఎంత పెట్టుకుంటారో ఇప్పుడే, ఇక్కడే ఒక కాగితం మీద రాసుకోండి.

సరే, తలుపు దగ్గర టెక్ ఇన్‌స్పెక్షన్ వాళ్లు నా వైపే చూస్తున్నారు. బ్యాటరీ బిగించి ఉందో లేదో చూసుకుని కార్లు లైన్లో పెట్టండి. గ్లవ్ బాక్సులు ఖాళీ చేయమంటారు ఎలాగూ. అందులో విప్పని కవర్ ఉంటే ఇటు తీసుకురండి, కలిసి చదువుదాం.